ఉక్కపోతలో పరుగుకి ఐసు ఎంతవరకు సాయం చేస్తుంది?

ఐసు నీళ్లు తాగితే ఎండలో ఎక్కువసేపు ఆడగలమా అని అడిగితే కోచ్‌లు రెండు రకాలుగా చెబుతారు. తాగమనేవాళ్లు కొందరు, గొంతు పట్టుకుంటుంది, కడుపులో పట్టేస్తుంది, వద్దనేవాళ్లు కొందరు. ప్రయోగాలు కూడా పైపైన చూస్తే ఇలాగే చెరోవైపు మాట్లాడతాయి. ఈ చిక్కు విడదీయాలంటే గ్లాసులో నీళ్ల సంగతి తర్వాత, ముందు ఒంటి మీద చెమట సంగతి చూడాలి. అది ఆరుతోందా, కారిపోతోందా? చల్లటి నీళ్లు పనిచేసేదీ చేయనిదీ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

వేడి లెక్క

65 కిలోల మనిషి గంటకి 12 కిలోమీటర్ల వేగంతో పరిగెడితే గంటలో సుమారు 780 కేలరీలు ఖర్చవుతాయి. తిండి ప్యాకెట్ల మీద రాసే కేలరీలే ఇవి. ఇందులో కదలికకి పనికొచ్చేది ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడే. అంటే గంటకి 600, నిమిషానికి 10 కేలరీల వేడి ఒంట్లో పుడుతూ ఉంటుంది. అదే 65 కిలోల ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 54 కేలరీలు చాలు. పుట్టిన వేడి బయటికి పోయే దారి లేకపోతే ఐదున్నర నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒళ్లు కాగిపోతుంది. అరగంట తిరక్కుండానే ప్రాణం మీదికొస్తుంది.

ఆ దారి చూపించేది చెమట. లీటరు చెమట చర్మం మీదే పూర్తిగా ఆరితే 580 కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. పైన చెప్పిన గంట పరుగుకి ఇంచుమించు సరిపోతుంది కూడా. అయితే ఆరినప్పుడే ఆ లెక్క. గడ్డం మీంచి జారి నేల మీద పడ్డ చుక్క, బనియన్ పిండితే కారిన చుక్క ఏ వేడినీ మోసుకెళ్లవు. ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడమే మిగులుతుంది.

చెమట ఎంత త్వరగా ఆరుతుందన్నది చర్మం మీది తడికీ, చుట్టూ గాలిలో ఉన్న తేమకీ మధ్య తేడాని బట్టి ఉంటుంది. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర ఆవిరి ఒత్తిడి సుమారు 5.6 కిలోపాస్కల్స్. వేసవిలో రెంటచింతలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నరోజున గాలిలో అది 1.6. తేడా 4. విశాఖ బీచ్ రోడ్డు మీద 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న ఉదయం గాలిలో 3.6. తేడా 2. థర్మామీటరు పది డిగ్రీలు తక్కువ చూపించినా, చెమటని ఆరబెట్టే శక్తి మాత్రం సగమే. ఇక గాలి ఆడని బ్యాడ్మింటన్ హాల్లోనో, జనం కిక్కిరిసిన కబడ్డీ కోర్టు దగ్గరో ఆ సగం కూడా దక్కదు. ఒంటి చుట్టూ చేరిన తేమని పక్కకి నెట్టే గాలి ఉండదు మరి.

2019లో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్‌లో మహిళల మారథాన్‌ని ఎండ తప్పించుకోవడానికి అర్ధరాత్రి పెట్టారు. ఉష్ణోగ్రత 33 డిగ్రీలకి కాస్త తక్కువ, తేమ 73 శాతం. 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. ఎండ పొడ లేని రాత్రిలోనే ఇది జరిగింది.

చల్లటి నీళ్లు లోపల చేసే పని

అర లీటరు నీళ్లు 4 డిగ్రీల దగ్గర తాగితే, అవి ఒంటి వేడికి అంటే 37 డిగ్రీలకి చేరేలోపు 16 లేదా 17 కేలరీల వేడిని పీల్చుకుంటాయి. గది వేడిలో ఉన్న 30 డిగ్రీల నీళ్లయితే మూడున్నర. ఇదే అర లీటరుని సగం ఐసు, సగం నీళ్లుగా ఉండే స్లష్ రూపంలో తీసుకుంటే లెక్క మారిపోతుంది. ఐసు కరగడానికే కిలోకి 80 కేలరీల చొప్పున వేడి కావాలి. పావు కిలో ఐసు కరగడానికి 20, తర్వాత మొత్తం 37 డిగ్రీలకి రావడానికి ఇంకో 19. కలిపి 39 కేలరీలు. 65 కిలోల ఒంటికి ఒక డిగ్రీకి 54 అనుకున్నాం కదా. అంటే చల్లటి నీళ్లతో సుమారు 0.3 డిగ్రీలు, స్లష్‌తో 0.7 డిగ్రీలు దిగాలి.

ఇది కాగితం మీది లెక్క. ఆస్ట్రేలియాలోని పెర్త్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో మనుషుల మీద వచ్చిన అంకెలు ఇంచుమించు ఇవే. పది మంది పరుగుకి ముందు అరగంటలో కిలో బరువుకి 7.5 గ్రాముల చొప్పున ఒకసారి స్లష్, ఇంకోసారి 4 డిగ్రీల నీళ్లు తీసుకుని, 34 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న గదిలో ఓపిక ఉన్నంతసేపు పరిగెత్తారు. స్లష్‌తో ఒంటి వేడి 0.66 డిగ్రీలు, నీళ్లతో 0.25 డిగ్రీలు తగ్గింది. పరుగు స్లష్‌తో సగటున 50 నిమిషాలు, నీళ్లతో 41 నిమిషాలు సాగింది. అంతకు రెండేళ్ల ముందు ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో 35 డిగ్రీలు, 60 శాతం తేమలో సైకిల్ తొక్కించినప్పుడు, 37 డిగ్రీల పానీయం తాగినవాళ్లు 52 నిమిషాలు, 4 డిగ్రీలది తాగినవాళ్లు 64 నిమిషాలు తొక్కగలిగారు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది: పందెంలో ఎవరూ పడిపోయేదాకా పరిగెత్తరు. ఓపిక ఉన్నంతసేపు అనే పరీక్షలో చిన్న తేడా కూడా నిమిషాల్లో పెద్దగా కనబడుతుంది. నిర్ణీత దూరం పందెంలో అదే మేలు ఒకటి రెండు శాతానికి కుదించుకుపోతుంది. 9 నిమిషాలు అన్న అంకె చూసి 10 కిలోమీటర్ల టైము అంత తగ్గుతుందనుకోవద్దు. రెండోది ఇంకా ముఖ్యం. స్లష్ దాచిపెట్టిన 39 కేలరీలు నాలుగు నిమిషాల పరుగులో మళ్లీ పుట్టేస్తాయి. మరి తొమ్మిది నిమిషాలు అదనంగా ఎలా వచ్చాయి? పెర్త్ పరుగులో ఆగిపోయే క్షణానికి స్లష్ తిన్నవాళ్ల ఒంటి వేడి నీళ్లు తాగినవాళ్ల కంటే 0.3 డిగ్రీలు ఎక్కువే ఉంది. నోరు, గొంతు, కడుపు చల్లబడటంతో ఇక ఆగు అని మెదడు చెప్పాల్సిన ఘడియ కాస్త వెనక్కి జరిగిందన్నమాట. పందెంలో అది లాభం. ఒంట్లో బాగోలేనివాడికి, నిద్ర చాలనివాడికి అదే ప్రమాదం.

పొడి వేడిలో కథ తిరగబడుతుంది

కెనడాలో ఆటవా విశ్వవిద్యాలయం పరిశోధకులు సైకిల్ తొక్కేవాళ్లకి 1.5, 10, 37, 50 డిగ్రీల నీళ్లిచ్చి చూశారు. పొడి గాలి, ఎదురుగా గాలి విసురు. తేలిందేమిటంటే 50 డిగ్రీల వేడి నీళ్లు తాగినప్పుడే ఒంట్లో నిలిచిన వేడి తక్కువ. తర్వాత నీళ్లని ముక్కులోంచి వేసిన గొట్టంతో నేరుగా కడుపులోకి పంపి చూస్తే కారణం దొరికింది. కడుపు దగ్గర వేడినీ చలినీ పసిగట్టే నరాల కొసలు ఉన్నాయి. చల్లటి నీళ్లు తగలగానే అవి చెమటని తగ్గిస్తాయి, వేడి నీళ్లు తగిలితే పెంచుతాయి. నోట్లో పుక్కిలించినంత మాత్రాన ఈ మార్పు రాదు.

ఈ తగ్గుదల ఎంతన్నదే అసలు విషయం. అర లీటరు చల్లటి నీళ్లు తెచ్చిన 16 కేలరీల లాభం పోవాలంటే కేవలం 28 మిల్లీలీటర్ల చెమట తక్కువ పడితే చాలు. స్లష్ లాభం పోవడానికి 67 మిల్లీలీటర్లు. గాలి పొడిగా ఉండి ప్రతి చుక్కా ఆరుతున్నప్పుడు ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో పోతుంది. ఉక్కపోతలో మాత్రం ఆ 67 మిల్లీలీటర్లు ఎలాగూ నేల మీద పడేవే. అవి పడకపోయినా నష్టం లేదు, పైగా ఒంట్లో నీరు మిగులుతుంది. అందుకే విశాఖ, కాకినాడ, చెన్నైల్లో స్లష్‌కి ఉన్న విలువ మే నెల రామగుండంలో గాలి తోలుతున్న మైదానంలో ఉండదు. హైదరాబాద్ ఎండలో ఇరానీ చాయ్ తాగి హాయిగా ఉందనేవాళ్లని మరీ తీసిపారేయనక్కర్లేదు; గాలి పొడిగా ఉండి, ఫ్యాను కింద కూర్చుంటే వాళ్ల మాటలో కొంత నిజముంది.

పొడి వేడిలో ఐసు నీళ్లు మానేయాలని కాదు. చల్లగా ఉంటే ఎక్కువ తాగుతాం, అది మంచిదే. ఒంటిని చల్లార్చే పని మాత్రం వాటి మీద పెట్టుకోకూడదు.

మిక్సీలో స్లష్

65 కిలోల మనిషికి అర కిలో స్లష్ కావాలి. కాచి చల్లార్చిన నీళ్లు 200 మిల్లీలీటర్లు, పంచదార 30 గ్రాములు, ఉప్పు 1 గ్రాము (తలకొట్టిన టీ చెంచాలో ఆరో వంతు), అరచెక్క నిమ్మరసం. కలిపి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఐసు 300 గ్రాములు, అంటే మామూలు ట్రేలో 12 నుంచి 15 ముక్కలు. ఐసు కూడా కాచిన నీళ్లతో ఇంట్లో గడ్డకట్టించిందే వాడాలి. ఐసు ఫ్యాక్టరీ దిమ్మలు చాలావరకు చేపలు, పాలడబ్బాల చుట్టూ వేయడానికి చేసేవి. పందెం ముందురోజు విరేచనాలు పట్టుకుంటే ఈ లెక్కలన్నీ దండగ.

స్టీలు జార్‌ని అరగంట ఫ్రీజర్‌లో ఉంచి తీయాలి. సగానికి మించి నింపొద్దు. ముందు ఐసు ఒక్కటే వేసి ఆపి ఆపి తిప్పితే రవ్వలా పగులుతుంది. అప్పుడు పానకం పోసి ఇంకో ఇరవై సెకన్లు. ఏకబిగిన తిప్పితే బ్లేడు వేడికి ఐసు కరిగిపోయి నీళ్లే మిగులుతాయి. పంచదార తగ్గిస్తే ఐసు రాళ్లలా విడిపోయి, నీళ్లు అడుగున చేరతాయి. పానకంలోని పంచదారే పలుకు సన్నగా ఉండేలా చూస్తుంది. చెంచా ఒంపితే మెల్లగా జారాలి, లావుపాటి స్ట్రాలోంచి రావాలి. అదీ పాకం.

గ్రౌండుకి తీసుకెళ్లడానికి వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కు కావాలి. ముందు పావుగంట ఐసు నీళ్లు పోసి ఉంచి పారబోసి, తర్వాత స్లష్ నింపాలి. వేడి ఫ్లాస్కులో పోస్తే అడుగునున్నది అప్పుడే కరుగుతుంది. కరిగిపోయిన స్లష్ అంటే చల్లటి షర్బత్, దాని బలం సగానికి సగం తగ్గినట్టే.

ఒకేసారి మింగకూడదు. పెర్త్‌లో ఇచ్చినట్టు ఐదు నిమిషాలకోసారి 80 గ్రాముల చొప్పున ఆరు విడతలుగా అరగంటలో ముగించాలి. గబగబా తింటే నుదురు పగిలిపోయేంత నొప్పి వస్తుంది. నాలుకని అంగిలికి ఆనించి పెడితే అర నిమిషంలో పోతుంది. వామప్ ఎలాగూ ఒంటిని వేడెక్కిస్తుంది కాబట్టి సగం వామప్‌కి ముందు, సగం తర్వాత పెట్టుకుంటే మేలు. పందెం మొదలవడం ఒక గంటసేపు ఆలస్యమైతే ఆ చల్లదనం మిగలదు, ఇంకో 150 గ్రాములు సిద్ధంగా ఉండాలి. కడుపు బిగుతుగా, డొక్కలో పోటుగా అనిపించేవాళ్లు కొందరుంటారు. అది పందెం రోజున తెలియకూడదు, ప్రాక్టీసులోనే చూసుకోవాలి. షుగరు ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇలాంటివి మొదలుపెట్టొద్దు.

దారిలో ఎంత తాగాలి

దీనికి అందరికీ పనికొచ్చే అంకె లేదు, కొలుచుకోవాల్సిందే. మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. గంట పరిగెత్తండి. ఒళ్లు శుభ్రంగా తుడుచుకుని మళ్లీ చూసుకోండి. 65.0 నుంచి 64.2కి దిగి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీ చెమట గంటకి 1.2 లీటర్లు. బరువులో 2 శాతం, అంటే ఈ మనిషికి 1.3 కిలోలు మించి పోకుండా చూసుకుంటే చాలు. పోయిందంతా పరిగెత్తుతూనే నింపాలని చూస్తే కడుపు ఒప్పుకోదు. 15, 20 నిమిషాలకోసారి ఓ 150 మిల్లీలీటర్లు చాలామందికి సరిపోతుంది.

పరుగయ్యాక బరువు పెరిగితే అతిగా తాగినట్టు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువ ఉంది. రక్తంలో సోడియం అలా పడిపోతే వచ్చే వాంతులు, తలనొప్పి, మత్తు చూసి వడదెబ్బే అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తే ప్రాణం పోవచ్చు.

ఇక ఏం తాగాలన్నది. కొబ్బరి బొండంలో పొటాషియం దండిగా ఉంటుంది, చెమటలో ఎక్కువగా పోయే సోడియం మాత్రం తక్కువ. అర లీటరుకి గ్రాము ఉప్పు కలిపితే సరిపోతుంది, రుచీ చెడదు. మజ్జిగ ఆట అయ్యాక బ్రహ్మాండం. ముందు తాగితే కొందరికి పుల్లటి తేనుపులు. కూల్ డ్రింకుల్లో పంచదార 10 శాతం దాటుతుంది, చెరుకు రసంలో ఇంకా ఎక్కువ. 8 శాతం దాటిన తీపి కడుపులోంచి మెల్లగా కదులుతుంది, దానికి గ్యాసు తోడైతే చెప్పక్కర్లేదు. గ్లూకోజ్ పొడిలో ఉప్పు దాదాపు ఉండదు. సబ్జా, బార్లీ చలవ చేస్తాయన్న నమ్మకం పాతదే గానీ, అదే చల్లదనంలో ఉన్న మామూలు నీళ్ల కంటే అవి అదనంగా తీసుకుపోయే వేడి ఏమీ లేదు. పైగా నానిన సబ్జా గింజలు పరుగుకి ముందు కడుపుని బరువెక్కిస్తాయి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కొనేటప్పుడు వెనక రాసింది చదవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకుని లోపల పంచదార పానకం పోసిన టెట్రా ప్యాకెట్లు ఏళ్ల తరబడి మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టువదలకుండా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అసలైన ఓఆర్‌ఎస్ నల్ల టీషర్టు మీద తెల్లటి ఉప్పు చారలు పడేవాళ్లకి బాగా పనికొస్తుంది. లీటరు ప్యాకెట్‌ని గ్లాసులో కలిపేయొద్దు. తీపి తక్కువ కాబట్టి దాంతో స్లష్ చేస్తే పలుకు గరుకుగానే వస్తుంది.

మెంథాల్ మాయ

చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని మెంథాల్ తట్టి లేపుతుంది. వేడి, స్పర్శల గ్రాహకాలు కనిపెట్టినందుకే 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకి నోబెల్ వచ్చింది. మెంథాల్ కలిపిన నీళ్లు పుక్కిలిస్తే ఒళ్లు ఒక్క పిసరు కూడా చల్లబడదు, చల్లబడ్డట్టు అనిపిస్తుందంతే. ఆ అనిపించడంతోనే కొందరు వేగం పెంచగలుగుతారు. ఇది వేడిని దాచిపెట్టే తెర కాబట్టి కొత్తవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. వంటింటి పుదీనా నమిలితే ఇదంతా జరుగుతుందనుకోవద్దు. మన పుదీనా వాసన ఎక్కువగా కార్వోన్ అనే పదార్థానిది, మెంథాల్ అందులో బాగా తక్కువ.

పానీయం ఆదుకోని చోటు

ఉక్కపోతకి ఒంటిని అలవాటు చేయడం స్లష్ కంటే ఎన్నో రెట్లు నయం. పది నుంచి పద్నాలుగు రోజులు, రోజూ గంట పాటు ఆ వాతావరణంలోనే మెల్లగా శ్రమిస్తే చెమట ముందే పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం నెమ్మదిస్తుంది. ఊటీలో క్యాంపు చేసి నేరుగా కాకినాడలో దిగినవాడికి ఏ ఫ్లాస్కూ సరిపోదు.

ఆటగాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఉన్నట్టుండి కసురుకుంటున్నా వడదెబ్బ అనే అనుకోవాలి. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లు చెమటతో తడిసే ఉండొచ్చు; ఒళ్లు పొడిబారలేదు కదా అని ఊరుకోకూడదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో ఏమీ పోయొద్దు. 108కి ఫోన్ చేస్తూనే, టబ్బులోనో, నలుగురు అంచులు ఎత్తి పట్టుకున్న టార్పాలిన్‌లోనో ఐసు నీళ్లు పోసి మెడ దాకా ముంచాలి, తల పైకి పట్టుకోవాలి. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చునే ఆ పది నిమిషాలే అవయవాలు దెబ్బతినే సమయం.

ఎవరికి ఇదంతా అవసరం? అరగంట దాటే పరుగులకి, ఉక్క హాల్లో మూడు గేముల బ్యాడ్మింటన్‌కి, సైక్లింగ్‌కి పనికొస్తుంది. కబడ్డీలో హాఫ్ టైం ఐదు నిమిషాలే. 150 గ్రాముల స్లష్, మెడ మీదా తొడల మీదా ఐసు నీళ్లలో ముంచిన తువ్వాలు, ఎదురుగా పెద్ద ఫ్యాను. ఈ మూడింటిలో ఒక్కటే దొరికితే ఫ్యాను తీసుకోండి. కానిస్టేబుల్ సెలక్షన్లలో 1600 మీటర్ల పరుగు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, అంతలో ఒంటి వేడి హద్దు దాటదు. అక్కడి బాధ వేరు. తెల్లవారుజామున వచ్చి, పేరు పిలిచేదాకా ఎండలో గంటలకొద్దీ లైన్లో నిలబడటంతోనే సగం ఓపిక పోతుంది. అరగంటకోసారి గుక్కెడు ఉప్పు నిమ్మకాయ నీళ్లు, తల మీద తడి తువ్వాలు, ఎంత కొంచెమైనా సరే నీడ. పిలిచే ముందు పావు లీటరు చల్లటి నీళ్లు చాలు, స్లష్ అక్కర్లేదు.